సింహాచలం బండిలో సముద్రం దాకా

ఈ ప్రయాణం గురించి ఒకసారి రాశాను. కలకత్తాలో మా తెలుగు సంఘం వేసే వార్షిక సంచికలో అచ్చయింది, పదిహేడేళ్ళ కిందట. మొన్న సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "మీ బక్కాలి సముద్రతీరం వ్యాసం మళ్ళీ వేద్దామనుకుంటున్నామండీ. ఇప్పుడు మనవాళ్ళంతా సెలవొస్తే కార్లేసుకుని అటే పోతున్నారు" అన్నాడు. వద్దన్నాను. కొత్తగా రాసిస్తానన్నాను. పాతదాంట్లో దారి సరిగ్గానే ఉంది, రేవు సంగతి సరిగ్గానే ఉంది, ఎక్కడ టీ బాగుంటుందో అదీ సరిగ్గానే ఉంది. మేం వెళ్ళిన వ్యాను సముద్రంలో ఎలా చిక్కుకుందో మాత్రం తప్పు రాశాను. తెలిసే రాశాను. దానివల్ల ఒక మనిషి మొదలుపెట్టిన పని మొదట్లోనే ఆగిపోయింది.

ఆ వ్యాను సింహాచలానిది. టికియాపారాలో రైలుపెట్టెలు బాగుచేసే షెడ్డులో అతను ఫిట్టరు. తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి వచ్చి హౌరాలో స్థిరపడ్డ కుటుంబం. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు. అయినా అతను నన్ను బాబూ అనేవాడు, నేను పేరుపెట్టి పిలిచేవాణ్ణి. నేను బ్యాంకు ఆఫీసర్ని గనక అదెవరికీ వింతగా ఉండేది కాదు. ఇప్పుడు గారు చేర్చి రాస్తే అతనికే నవ్వొస్తుంది.

ఇంకా కొన్నేళ్ళ సర్వీసు ఉండగానే ఉద్యోగం మానేసి, చేతికొచ్చిందంతా పెట్టి పాత మెటాడోర్ వ్యాను కొన్నాడు. దాన్ని ఇల్లుగా మార్చాడు. రెండు పక్కలా గోడకు మడిచిపెట్టే బెర్తులు, రైల్లోలాగే గొలుసులతో. వెనక తలుపు దగ్గర కిరసనాయిలు స్టవ్ పెట్టుకునే అర, గిన్నెలు జారిపోకుండా దానికి చుట్టూ అంచు. పైకప్పు మీద నీళ్ళ డ్రమ్ము, లోపల కుళాయి. పైడమ్మ, అంటే సింహాచలం భార్య, పాత చీరలతో కిటికీలకు తెరలు కుట్టింది. మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా తిండి దగ్గర అవస్థపడతారు, ఆవనూనె వాసన పడదు, హోటల్లో పడక నచ్చదు. అదీ అతని ఆలోచన. "సెలవుల్లో ఓ కుటుంబాన్ని ఎక్కించుకుంటాను బాబూ. వొండుకోడం అందులోనే, తొంగోడం అందులోనే. హోటలోడి మొకం సూడక్కర్నేదు" అనేవాడు.

ఎవరూ ముందుకు రాలేదు. వ్యానులో పడుకోవడమేమిటని నవ్వారు. అప్పుడతను మా ఇంటికొచ్చి, "మీరొక్కపాలి వొచ్చి, సూసి, సంచికలో నాలుగు ముక్కలు రాయండి. మీ మాటంటే మనోల్లకి గురి. అప్పటికీ ఎవులూ రాకపోతే ఇంక నాను బండి అమ్ముకోడమే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పక్కన నిలబడ్డ పైడమ్మ మాత్రం నవ్వలేదు.

జనవరిలో ఒక సోమవారం బంద్ పిలిచారు. ఆదివారంతో కలిసి వచ్చింది, శనివారం నేను సెలవు పెట్టుకున్నాను. బంద్ అంటే కలకత్తా ఉద్యోగులకు పండగే. మా ఆవిడ పిల్లలతో పుట్టింటికి వెళ్ళి ఉంది. శనివారం పొద్దున ఆరున్నరకి వ్యాను బేహాలాలో మా క్వార్టర్స్ ముందు ఆగింది. నేను దుప్పటి, కెమెరా, ఒక ఫ్లాస్కు పట్టుకుని ఎక్కాను.

"ఏటి బాబూ, ఇంతేనా సామాను?" అంది పైడమ్మ. "మాయావిడైతే ఇల్లంతా కట్టేసేది" అన్నాడు సింహాచలం. "నీకేటి, ఎక్కి కూకుంటావు. దారిలో ఉప్పు కావాలంటే ఎవులిస్తారు?" అందామె.

డైమండ్ హార్బర్ రోడ్డు పట్టుకుంటే బక్కాలి దాకా దారి తప్పే పనిలేదు. ఆమ్తలా దాటేదాకా లారీల గొడవ, తర్వాత కొబ్బరిచెట్లు, చెరువులు, గోడల మీద ఎర్ర రంగుతో కొడవలీ సుత్తీ. పదిగంటలకు డైమండ్ హార్బర్‌లో ఆగాం. గంగ ఒడ్డున గట్టుమీద దుకాణంలో మట్టి పిడతల్లో టీ ఇస్తారు, అల్లం దట్టించి. అక్కడే తాగండి, తర్వాత అలాంటిది దొరకదు. కుల్పీ దగ్గర బంద్ కోసం ఊరేగింపు అడ్డం వచ్చింది. అరగంట కదల్లేదు. ఒక కార్యకర్త కిటికీలోంచి తొంగిచూసి, లోపల పోపు వేస్తున్న పైడమ్మను చూసి, నినాదం మధ్యలో ఆపి వాసన పీల్చాడు. ఆమె అతని చేతిలో రెండు వడలు పెట్టింది. వాళ్ళే మాకు పక్కగా దారి చేసి పంపించారు.

ఇదీ చెప్పాలి, బండి ప్రయాణం చాలా సుఖంగా ఉంది. గోతుల్లో పడ్డప్పుడు ఒక్క మేకు కిర్రుమనలేదు. సింహాచలం ప్రతి గతుకుకూ నావైపు అద్దంలోంచి చూసేవాడు. నేను తల ఊపేవాణ్ణి. అతనికదే చాలు.

నామ్‌ఖానా చేరేసరికి ఒంటిగంట దాటింది. అక్కడ నది దాటాలి. వాహనాల్ని బల్లకట్టు లాంటి పడవమీద ఎక్కించి అవతలికి చేరుస్తారు. వ్యానుకి వేరే, మనిషికి వేరే టిక్కెట్టు, రెండూ తక్కువే. కానీ పడవ ఒడ్డుకి రావడంలేదు. నీళ్ళు బాగా తీసి ఉన్నాయి, రేవు మెట్లు కింద నల్లటి బురదలో ముగుస్తున్నాయి. "జోవార్ రావాలి దాదా, పోటు వస్తేగానీ కుదరదు" అన్నాడు టిక్కెట్టు ఇచ్చేవాడు. రెండు గంటలు కూర్చున్నాం. మా కళ్ళముందే నీళ్ళు మెట్టుమెట్టుగా పైకి వచ్చాయి. నేను చూశాను. నది కదా, ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను.

పడవలో మురమురాల బుట్టతో ఒకావిడ వ్యాను చుట్టూ తిరిగి, తెరలు చూసి, ఇందులో రోగి ఎవరని బెంగాలీలో అడిగింది. పైడమ్మ సింహాచలాన్ని చూపించి, "ఈయనే. తలకాయ రోగం" అంది, అదీ బెంగాలీలోనే. పడవంతా నవ్వింది. సింహాచలం కూడా.

అవతలి గట్టునుంచి సముద్రం గంట ప్రయాణం, చేరేసరికి పొద్దుగుంకింది. బక్కాలి బస్సులాగే చోటు దాటి ఇంకాస్త పక్కకు వెళితే అటవీశాఖ వారి సరుగుడు తోట ఉండేది. అక్కడ బండి నిలుపుకోవడానికి చిన్న రుసుము కట్టించుకుని చీటీ ఇచ్చేవారు. కాపలాదారు పేరు హరిపదో. నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలో చూపించాడు, ఆకులకు నిప్పంటుకోకుండా వంట బండిలోనే చేసుకోమన్నాడు, బండిని చెట్లు దాటించి కిందికి దింపొద్దన్నాడు. సర్కారు చోటుకి ఇలాంటి రూల్సు సహజమేనని ముగ్గురం తలూపాం.

ఇంత నిశ్శబ్దంగా ఉండే చోటు కలకత్తాకి అంత దగ్గర్లో ఉందని నేననుకోలేదు. కరెంటు లేదు. మాది తప్ప మరో బండి లేదు. సరుగుడు చెట్లలో గాలి ఆగకుండా ఒకే మాట అంటున్నట్టు వినిపిస్తుంది. పైడమ్మ ఎండునెత్తళ్ళ పులుసు, అన్నం పెట్టింది. సింహాచలం బెర్తు కిందికి దింపి గొలుసు తగిలించి, అరచేత్తో రెండుసార్లు కొట్టి చూపించాడు. "రైల్లో ఇంత యెడల్పు ఇవ్వరు బాబూ" అన్నాడు.

ఆదివారమంతా తిరిగాం, తోటకి తిరిగొచ్చేసరికి చీకటి పడింది. ఒడ్డువెంట పడమటికి నడిస్తే చేపలు ఎండబెట్టే కళ్ళాలు. వెదుళ్ళకి తోరణాల్లా వేలాడే చేపలు, కింద వలలు బాగుచేసుకునే మనుషులు. వాళ్ళ మేస్త్రీ నిమాయ్ అనే పెద్దమనిషి. సింహాచలం అతనితో గంటసేపు కబుర్లాడి, పడవ అడుగు చెక్కలు ఎలా అతుకుతారో అడిగి తెలుసుకున్నాడు. నాకు మాత్రం ఒకటే ధ్యాస. వ్యాసంతోపాటు వేయడానికి ఒక ఫొటో కావాలి. చెట్లకింద తీస్తే నీడలో బండి ఏదో పాత షెడ్డులా పడుతోంది. వెనక సముద్రం, ముందు బండి, మెట్టుమీద పైడమ్మ, చేతిలో టీ గ్లాసు. అలాంటి ఫొటో చూస్తే ఎవరైనా రేపే బయల్దేరతామంటారు. అలా అని సింహాచలంతో చెప్పాను. అతని మొహం వెలిగింది.

సోమవారం పొద్దున పదిగంటలకు చూస్తే సముద్రం ఎక్కడో దూరాన ఉంది. మధ్యలో బల్లపరుపు ఇసక, ఎండకి మెరుస్తోంది. కాపలాదారు బంద్ అని రాలేదు.

"దింపుదాం" అన్నాను.

సింహాచలం చెట్ల చివర నిలబడి కిందికి చూశాడు. "ఆ దాదా దింపొద్దన్నాడు గదా బాబూ. ఇసకలో దిగబడిపోద్దేమో."

ఇక్కడినుంచి నేను అన్న ప్రతి మాటా నాకు గుర్తుంది. పాత వ్యాసంలో ఒక్కటీ రాయలేదు.

"సింహాచలం, నేను కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డున పుట్టాను. మా ఊళ్ళో ఎడ్లబళ్ళు కూడా ఇసకలోకి దింపుతారు. పొడి ఇసకలోనే బండి దిగబడేది. తడి ఇసక రాయిలా ఉంటుంది. నీళ్ళకి ఎంత దగ్గరికి పోతే అంత గట్టి."

మా ఊళ్ళో అది నిజం. అక్కడ పిల్లలకు కూడా తెలుసు. చక్రం దిగబడితే బండివాడు ఎడ్లను నీళ్ళవైపే తోలతాడు, మెట్టవైపు కాదు. మా సముద్రం రోజంతా ఉన్నచోటే ఉంటుంది. పోటొస్తే ఒడ్డున ఆరేసిన వలని రెండు బారలు వెనక్కి లాక్కుంటాం, అంతే. నదులన్నీ తెచ్చి పోసిన ఒండ్రు మీద పల్చగా ఇసక పరుచుకున్న తీరం ఒకటుంటుందని, అక్కడ నీళ్ళవైపు వెళ్ళేకొద్దీ కింద బురదేనని, నాకు తెలియదు. తెలియదని కూడా తెలియదు. నేను ముందు నడిచి మడమతో తన్ని చూపించాను. మా వాళ్ళు అలాగే చూస్తారు. మడమ దిగలేదు.

"సూసినావా, బాబు తొక్కి సూపిస్తన్నారు" అన్నాడతను భార్యతో.

"బాబు బరువెంత, బండి బరువెంత?" అంది పైడమ్మ.

"బాబు సముద్రం కాడ పుట్టినోరే. మనవేటి, టికియాపారా మురిక్కాలవ కాడ పుట్టినోల్లం" అని నవ్వి అతను స్టీరింగు ముందు కూర్చున్నాడు.

మొదట బాగానే వెళ్ళింది. గట్టి ఇసకమీద చక్రాల జాడ కూడా సరిగా పడలేదు. నేను ముందు నడుస్తూ ఇంకా రమ్మని చెయ్యి ఊపుతున్నాను. నీళ్ళ అంచు ఇంకా చాలా దూరం ఉంది. ఇక్కడ చాలా అన్నట్టు అతను ఆపాడు. "ఇంకొంచెం. అలలు కనపడాలి" అన్నాను. ఇంకొంచెం వచ్చాడు. అప్పుడు వెనక చక్రాలు కింద ఏదో పొర చిట్లినట్టు ఒక్కసారి దిగాయి. ఇసక కింద నల్లగా, వెన్నలా ఉంది.

ఫొటో మాత్రం తీశాను. అది కూడా చెప్పాలి. చక్రం దిగితే ఏముంది, తోసేస్తే వస్తుందని, వెలుగు బాగుందని ముందు ఫొటో తీశాను.

తర్వాత తోశాం. అతను ఇంజను రేపినకొద్దీ చక్రం బురద చిమ్ముతూ ఇంకా కిందికి పోయింది. చేతుల్తో, గిన్నెల్తో తవ్వాం. తవ్విన గుంతలో నీళ్ళు ఊరాయి. పన్నెండు దాటేసరికి ఇరుసు ఇసకకి ఆనింది. నేను తలెత్తి చూస్తే, దూరాన ఉన్న తెల్లటి గీత దూరాన లేదు.

చేపల కళ్ళాలవైపు పరిగెత్తాను. నిమాయ్ వచ్చి చూసి, నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు. "జోవార్ వస్తోంది. నాలుగున్నర ప్రాంతానికి నీళ్ళు ఆ చెట్లదాకా ఉంటాయి" అన్నాడు. సరుగుడు తోట చూపించాడు. నేను వెనక్కి తిరిగి తోట చూశాను, వ్యాను చూశాను.  ట్రాక్టరు కోసం మనిషిని పంపాడు గానీ, బంద్ రోజు తీస్తే టైర్లు కోస్తారని ట్రాక్టరు వాళ్ళు రామన్నారు.

పదిమంది పడవల మనుషులు మోకులతో వచ్చారు. పడవ లాగేటప్పటి పాట ఎత్తుకుని లాగారు. బండి కొంచెం లేచి మళ్ళీ కూర్చుంది. "చక్రాల కింద చెక్కలు కావాలి" అన్నాడు నిమాయ్. సరుగుడు దుంగలు తేవాలంటే తోటదాకా పోయి రావాలి, అంత వ్యవధి లేదు.

సింహాచలం ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత పెట్టెలోంచి పానా తీసుకుని వ్యానులోకి ఎక్కాడు. మొదటి బెర్తు బయటికొచ్చింది. గొలుసు వేలాడుతోంది. దాన్ని తనే తీసుకెళ్ళి చక్రం కింద తోశాడు. రెండోది. మూడోది. స్టవ్ పెట్టే అర. తలుపులోంచి పైడమ్మ ఒక్కొక్కటీ అందిస్తోంది. ఏడవడం లేదు. రెండేళ్ళు కష్టపడి చేసిన ఇల్లంతా మా కళ్ళముందే బురదలోకి పోతోంది. మనుషులు పాటెత్తి లాగారు. బండి బెర్తుల మీదికి ఎక్కి, కొంత దూరం వచ్చి, అవి అయిపోగానే మళ్ళీ దిగింది. వెనకవి పీకి ముందు వేద్దామంటే ఒక్కటే ఊడి వచ్చింది. మిగతావి బురద వదల్లేదు.

మొదటి అల వెనక చక్రాన్ని తాకినప్పుడు చప్పుడేమీ లేదు. నేనింకా పెద్ద అల కోసం చూస్తున్నాను, మా ఊరి సముద్రంలాగా. ఇది అలా రాలేదు. పాలు పొంగినట్టు అన్నివైపులనుంచీ కాస్త కాస్త ఎక్కింది. చీలమండ, మోకాలు, ఇంజను. నిమాయ్ మనుషులు లాగడం ఆపి, బండి కొట్టుకుపోకుండా పడవ లంగరు తెచ్చి కట్టడం మొదలుపెట్టారు. అందరం ఒడ్డువైపు కదిలాం. సింహాచలం కదల్లేదు. స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పుతున్నాడు. ఇంజను ఎప్పుడో ఆగిపోయింది. అయినా తిప్పుతున్నాడు.

"దిగు సింహాచలం!" అని అరిచాను.

"మీరెల్లండి బాబూ. అంటుకుంటాది. ఒక్కపాలి అంటుకుంటే సాలు."

నీళ్ళు తలుపు అంచుకి వచ్చాయి. బండి ఒకపక్కకి ఒరిగింది. నిమాయ్ లోపలికి చెయ్యి పెట్టి లాగబోతే సింహాచలం ఆ చెయ్యి విదిలించాడు. అప్పుడు పైడమ్మ చీర పైకి దోపుకుని నడుంలోతు నీళ్ళలో వెనక్కి నడిచింది. ఆపబోయాను. నన్ను కాదని పోయింది. అటువైపు తలుపు లాగి, ఎక్కి, మొగుడి పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చుంది.

"నువ్వెందుకొచ్చినావు? దిగు, ఎల్లు!" అన్నాడతను.

"నాను దిగను. నువ్వు కూకో. నానూ కూకుంటాను. ఇద్దరం ఇక్కడే కాపరం ఎడదాం. ఇల్లే గదా, నువ్వే అన్నావు."

"ఓసి, నీళ్ళొస్తన్నాయే..."

"రానీ. నానేటి ఆపగల్నా?"

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఎదురుగా అద్దంలోకే చూస్తోంది. నీళ్ళు సీటుకి తగిలాయి. ఇంకాస్త సేపు అలాగే ఉన్నారు.  తర్వాత సింహాచలం తాళం వదిలేశాడు. తనవైపు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, భార్యకి చెయ్యి అందించాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని నీళ్ళలో నడుచుకుంటూ వచ్చారు. గట్టెక్కాక ఆమె అప్పుడు ఏడ్చింది.

సాయంత్రానికి మాకు కనిపించింది వ్యాను పైకప్పు, దానిమీద నీళ్ళ డ్రమ్ము, అంతే.

నిమాయ్ తన గుడిసెలో మాకు అన్నం పెట్టించాడు. "ఎవరు దింపమన్నారు దాదా?" అని అడిగాడు. తప్పు పట్టడానికి కాదు, ఊరికే. సింహాచలం తల దించుకుని అన్నం కలుపుకుంటూ, "నానే. కొత్త సోటు, తెలవనేదు" అని బెంగాలీలో అన్నాడు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నాకూ బెంగాలీ వచ్చు.

మంగళవారం నీళ్ళు తీశాక ట్రాక్టరు వచ్చి వ్యానుని బయటికి లాగింది. లోపల మోకాటిలోతు ఒండ్రు. తెరలు బురదలో గోడలకి అతుక్కుపోయాయి. చేపల లారీ ఒకటి కలకత్తా వెళుతుంటే, దానికి తాడు కట్టి బయల్దేరాం. సింహాచలం చచ్చిన బండి స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు, నేను అతని పక్కన. పైడమ్మ లారీ ముందు భాగంలో డ్రైవరు పక్కన కూర్చుంది.

నామ్‌ఖానా పడవమీద జనం మళ్ళీ చుట్టూ చేరారు. బడిపంతులులా ఉన్న ఒకాయన వ్యానులోకి తొంగిచూసి, ఏ మూర్ఖుడు తీసుకుపోయి సముద్రంలో పెట్టాడని నన్ను అడిగాడు. బట్టల్ని బట్టి నేనే యజమాననుకున్నట్టున్నాడు. సింహాచలం నావైపు తిరిగాడు.   నేనేమంటానో వినడానికి తిరిగాడు, అంతే. నేను నది చూస్తూ, "డ్రైవరుకి దారి తెలీదండీ" అన్నాను.

అతను మళ్ళీ ముందుకి తిరిగాడు. అక్కడినుంచి డైమండ్ హార్బర్ దాకా తాడు సడలినప్పుడల్లా బ్రేకు తొక్కడం తప్ప అతనిలో వేరే కదలిక లేదు. గంగ గట్టుమీద లారీ ఆగితే, పైడమ్మ పిడతలో టీ తెచ్చి ముందు నాకే ఇచ్చింది. "తాగండి బాబూ, సలిగా ఉంది" అంది. ఆ మర్యాద తప్పించుకోవడానికి నాకు చోటు లేకపోయింది.

వ్యాసం ఆ నెలలోనే రాశాను. డ్రైవరు తొందరపాటు వల్ల బండి నీటిలో చిక్కుకుందని, పాఠకులు అనుభవంలేని వాళ్ళతో ఇలాంటి సాహసాలు చేయవద్దని రాశాను. ఫొటో చాలా బాగా వచ్చింది, అదీ వేశారు. సంఘంలో ఆ సంచిక చదవనివాళ్ళు లేరు. సింహాచలం బండి బాగుచేయించుకుని, కొత్త బెర్తులకి చెక్క కూడా కొనుక్కుని, ఆ వేసవంతా ఇల్లిల్లూ తిరిగాడని తర్వాత తెలిసింది. ఒక్క కుటుంబం కూడా ఎక్కలేదు. బండి కూరగాయల వ్యాపారికి అమ్మి, ఒక మంచాల దుకాణంలో కూలికి చేరాడు. నేను బదిలీమీద వెళ్ళాను, తిరిగొచ్చాను. మనిషిని వెతుక్కుంటూ టికియాపారా వెళ్ళడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. వెళ్ళాను. ఈ రాతకి అతని అనుమతి అడిగాను. "ఇప్పుడేటి బాబూ, ఆ సముద్రం కూడా మర్సిపోయుంటాది" అన్నాడు. పైడమ్మ, "రాయనీ, మర్సిపోనోల్లం మనం ఉన్నాం గదా" అంది.

కాబట్టి వెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్ళండి. చోటు ఇప్పటికీ ప్రశాంతంగానే ఉంటుందంటున్నారు. బండి చెట్లకిందే ఆపండి. మన ఊరి సముద్రం తెలుసని ఆ సముద్రం తెలుసనుకోకండి. ఆ రోజు బండి దింపమన్నది నేను. సింహాచలం వద్దన్నాడు.

ఆ మంగళవారం మేం బేహాలా చేరేసరికి సాయంత్రం ఏడయింది. లారీ మా క్వార్టర్స్ ముందు ఆగింది. నా తడి దుప్పటి అతనే దించి ఇచ్చాడు. నేను లోపలికి వెళ్ళబోతుంటే వెనకనుంచి పిలిచాడు.

"బాబూ, ఏటి రాస్తారో మీ ఇష్టం. సముద్రం సంగతి ఎలాగూ రాస్తారు. ఒక్కటి మట్టుకు కలపండి. బండిలో మీకు నిద్ర పట్టిందా, నేదా?"

రాస్తానన్నాను. రాయలేదు.

పట్టింది సింహాచలం. రెండు రాత్రులూ, ఒక్కసారి కూడా మెలకువ రాకుండా పట్టింది.